బెంచీ మీద మనవాళ్లు

నారాయణఖేడ్,
జూన్, కాలేజీ తెరిచిన వారం

రిజ్జూ,

ఈ ఉత్తరం మీ తాహెర్ అన్న బస్సులో వస్తోంది. అన్న కండక్టరు కాబట్టి దీనికి టికెట్ లేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఫోన్ మోగితే మా బాపు "స్పీకర్ పెట్టు బిడ్డా, మేం గూడ ఇంటం" అంటాడు. ఇప్పుడు చెప్పబోయేది స్పీకర్‌లో చెప్పే సంగతి కాదు.

నాకు మీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటొచ్చింది. ఆగు, ఎగరకు. సగం సీటే వచ్చింది. పరీక్ష పాసయ్యాను, ఇంటర్వ్యూలో ఎలాగో నోరు పెగిలింది, జాబితాలో పేరు పడింది. కానీ గైడ్‌ని నేనే వెతుక్కోవాలట. దసరా సెలవుల లోపల ఎవరో ఒక ప్రొఫెసర్ "ఈమెను నేను చూసుకుంటాను" అని సంతకం పెట్టకపోతే సీటు పోతుంది. ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పుకుంటూ మళ్లీ ఆ పరీక్ష రాసే ఓపిక నాకు లేదు.

నా అంశం నీకు తెలుసు. మా కంగ్టి దిక్కు నుంచి చెరుకు నరకడానికి పోయేవాళ్లు, పోయేటప్పుడు ఇక్కడి చేను ఏం చేస్తారన్నది. మా బాపు మొగులప్ప ఎన్నేళ్లు అలా పోయాడో నువ్వు చూశావు. అది రాయాలని నాకు చాలా ఉంది రిజ్జూ. వేళాకోళం కాదు.

ఇక నా ఘనకార్యం విను. ప్రొఫెసర్లందరికీ మెయిల్ పెట్టాను. అందరికీ ఒకటే మెయిల్, ఒకేసారి, అందరి పేర్లూ అందరికీ కనపడేలా. మొదటి వాక్యం, "మహోదయా, తమరే నా ఏకైక ఆశ." ఒక్కాయన మాత్రం జవాబిచ్చాడు. "ఏకైక ఆశలం ఇంతమందిమి ఉన్నాం కాబట్టి, ఎవరు జవాబివ్వాలో మాలో మేం తేల్చుకుని చెబుతాం" అని. వాళ్లు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నట్టున్నారు.

నువ్వు నాలుగో ఏడు రీసెర్చ్ స్కాలర్‌వి. ఏం చెయ్యాలో చెప్పు. బక్రీద్‌కి కూడా ఇంటికి రాలేదట, అంత చదువా? మీ అమ్మీ బిస్మిల్లాబీ నీ వంతు షీర్‌ఖుర్మా మాకు పంపింది. చాలా బాగుంది.

నీ మల్లి

*

హైదరాబాద్, లైబ్రరీ వెనక తలుపు దగ్గర,
జూన్ చివర

ఏమే మల్లీ,

నీ మెయిల్ సంగతి చదివి పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత నవ్వాను. ఇప్పుడు నవ్వు ఆపి, సీనియర్ ముఖం పెట్టుకుని చెబుతున్నాను. విను.

గైడ్ అంటే సంతకం పెట్టే చెయ్యి కాదు. నాలుగైదేళ్లు నీతో ఉండే మనిషి. కాబట్టి పేరు చూసి పోకు. వాళ్లు రాసింది చదువు. వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న పిల్లల్ని పట్టుకుని అడుగు. రాసిచ్చింది ఎన్నాళ్లకు చదువుతారు, కోపమొస్తే ఏం చేస్తారు, మధ్యలో వదిలేసి పోయినవాళ్లు ఎందుకు పోయారు అని. తర్వాత ఒక్కరికే రాయి. చిన్నగా రాయి. వాళ్లు రాసినదాంట్లో నువ్వు ఒప్పుకోని మాట ఏదైనా ఉంటే అదీ రాయి. పొగిడేవాళ్లు వాళ్లకు రోజూ దొరుకుతారు.

మీ సబ్జెక్టులో సునీత మేడమ్ అని ఒకావిడ ఉంది. కౌలు రైతుల మీద రాసింది. ముక్కు మీద కోపమంటారు, కానీ పేపర్ ఇస్తే చదువుతుందంటారు. ఆమెను చూడు.

దొరికాక అసలు పని. క్రమం తప్పకుండా కలవాలి. పని అయినా, కాకపోయినా కలవాలి. కానప్పుడు ముఖ్యంగా కలవాలి. మా గైడ్ అంబదాస్ సార్ ఎప్పుడూ అదే అంటారు. మన ఊళ్లలో ఆడవాళ్లు పాడే దక్ఖినీ పెళ్లి పాటల మీద నా పని బ్రహ్మాండంగా సాగుతోంది, అడిగినవాళ్లకు అలాగే చెప్పు. మా అన్న అడిగినా అదే చెప్పు.

షీర్‌ఖుర్మా తిన్నదానివి గిన్నె తిరిగి ఇచ్చావా?

రిజ్వానా

*

నారాయణఖేడ్,
ఆగస్టు, వానల మధ్య

రిజ్జూ,

గిన్నె ఇచ్చాను. పరువు మాత్రం మీ యూనివర్సిటీలో వదిలేసి వచ్చాను.

నువ్వు చెప్పినట్టే సునీత మేడమ్ పేపర్ చదివాను, ఆమె ఒక్కదానికే రాశాను. "సోమవారం రండి, పది నిమిషాలు మాట్లాడదాం" అని జవాబు వచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సంతోషం పట్టలేక ఇంట్లో చెప్పాను. మా అమ్మ కిష్టవ్వ మాణిక్యప్ప మామకు చెప్పింది. మామ సంగతి నీకు తెలుసు. భూమి తగాదా అయినా, పిల్లను అడగబోయినా, బ్యాంకు మేనేజర్ దగ్గరికైనా నలుగురిని వెంటబెట్టుకుని పోనిదే ఆయనకు పని అయినట్టుండదు.

"ఆడపిల్ల ఒక్కతే పోయి నన్ను జూస్కోండ్రి అని అడుగుతదా? మనకు మంది లేరా?" అన్నాడు.

సోమవారం తెల్లారేసరికి తాహెర్ అన్న బస్సులో మామ, అమ్మ, బాపు, పక్కింటి ఆనందమ్మ, ఒక సంచి కందిపప్పు, ఒక మూట జొన్నరొట్టెలు, చివరి సీట్లో నేను. మేడమ్ గది బయట బెంచీ మీద వరసగా కూర్చున్నాం. మేడమ్ తలుపు తీసి మమ్మల్ని చూసి, "పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లయితే పక్క బిల్డింగులో అడగండి" అంది. వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

లోపలికి పోయాక మామ మొదలుపెట్టాడు. "మేడం, మీ కాడ సదివిన పిల్లలు ఇప్పుడు ఏడేడ ఉన్నరు? ఎన్నేండ్లల్ల సదువు పూర్తి జేపిస్తరు? మీకు కోపం జాస్తి అంటరు, నిజమేనా? నడుమల ఇడ్సిపెట్టి పోయినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

రిజ్జూ, అవి నువ్వు నన్ను అడగమన్న ప్రశ్నలే! నేను నా స్వంత తెలివిలాగా ఇంట్లో చెప్పాను, ఆయన బుద్ధిగా గుర్తుపెట్టుకున్నాడు. మేడమ్ కళ్లజోడు తీసి అన్నిటికీ జవాబు చెప్పింది. ఇద్దరు మధ్యలో పోయారని, అందులో ఒకరి విషయంలో తప్పు తనదేనని కూడా చెప్పింది. చివరికి మామ లేచి, "మా పిల్లను మీ చేతుల పెడ్తున్నం" అన్నాడు. ఆనందమ్మ ముక్కు చీదింది. అప్పగింతలంటే ఆమెకు అలవాటుగా ఏడుపొస్తుంది.

నేను? ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నా నోరు దానంతట అదే మూసుకుంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

మేడమ్ పప్పు సంచి తిరిగి ఇచ్చేసింది. నా వైపు చూసి, "మీ మామ అడిగినవన్నీ నువ్వు అడగాల్సినవి. వచ్చే సోమవారం ఒక్కదానివే వచ్చి అడుగు. అప్పుడు చూద్దాం" అంది. దసరా దగ్గరికొస్తోంది. రోజూ క్యాలెండర్ చూస్తున్నాను.

ఆ రోజు నీకు ఫోన్ చేస్తే సార్‌తో మీటింగ్‌లో ఉన్నానన్నావు. నీ అదృష్టమే అదృష్టం.

మల్లి

*

హైదరాబాద్,
ఆగస్టు

మల్లీ,

ఒక్కదానివే పో. చెమటలు పట్టినా పో. మాటలు మరిచిపోతావనుకుంటే కాగితం మీద రాసుకుని చూసి చదువు, ఎవరూ నవ్వరు. మాట్లాడి వచ్చాక ఏమేం అనుకున్నారో అదే రోజు రాసి ఆమెకు పంపు. అప్పుడు ఆమె మరిచిపోదు, నువ్వు తప్పించుకోలేవు.

మాణిక్యప్ప మామను తలచుకుని హాస్టల్లో అందరికీ చెప్పి నవ్వించాను. తర్వాత నేనొక్కదాన్నే ఉన్నప్పుడు నవ్వు రాలేదు. మామ ఎవరి కోసమైనా వస్తాడా, మీ ఇంటివాళ్ల కోసమేనా? ఊరికే అడిగాను.

పనుంది. ఉంటాను.

రి.

*

నారాయణఖేడ్,
డిసెంబరు, కందికోతలప్పుడు

రిజ్జూ,

ఉత్తరం రాసి నెలలైంది. సంతకం పడిందని నీకు ఫోన్‌లో చెప్పాను, అదీ స్పీకర్‌లో, బాపు "అల్లా సల్లగ జూడాలె రిజ్వానమ్మా" అని మధ్యలో దూరాడు. అసలు సంగతి అప్పుడు చెప్పలేకపోయాను.

రెండో సోమవారం ఒక్కదాన్నే పోయాను. కాగితం చూసి చదివాను. కాగితంలోంచి తలెత్తకుండా చదువుతుంటే మేడమ్ దాన్ని తీసి టేబుల్ మీద పెట్టి, "ఇప్పుడు చెప్పు" అంది. చెప్పాను. సంతకం పెట్టింది. ఆ రోజు బస్సులో ఖేడ్ వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కనున్న ముసలమ్మ నాకు గాలి సోకిందనుకుని సీటు మారింది.

అక్కడి నుంచి నేను ఆదర్శ విద్యార్థిని. మేడమ్ ఏం చెప్పినా "సరే మేడమ్". ఈ పుస్తకం చదువు, సరే మేడమ్. ఆ పద్ధతి మార్చు, సరే మేడమ్. ఇంటింటికీ అడగాల్సిన ప్రశ్నలు ఆమే తయారుచేసి ఇచ్చింది. వాటిలో పెద్ద భాగం కౌలు గురించి. చేను ఎవరికి కౌలుకిచ్చారు, ఎంతకిచ్చారు, ఎప్పుడు కడతారు. వలసపోయే ఇళ్లు చేను కౌలుకిచ్చి పోతాయని ఆమె పేపర్‌లో ఉంది. సరే మేడమ్.

రిజ్జూ, మా దగ్గర కౌలెక్కడిది? దీపావళి దాటాక కంది చేను మీదుండగానే పోతారు. పక్క చేనువాళ్లు చూస్తారు, కోస్తారు, కొట్టి గింజలు ఇంట్లో పోసి ఉంచుతారు. కందికట్టె పొయ్యిలోకి వాళ్లు తీసుకుంటారు. మరో ఏడు వాళ్లు పోతే వీళ్లు చూస్తారు. మా బాపు చేను అలాగే చూశారు, బాపు వాళ్లది అలాగే చూశాడు. నేను అందులోనే పెరిగాను. ఆ మాట మొదటి రోజే మేడమ్‌కు చెప్పాల్సింది. చెప్పకుండా కంగ్టి, నాగల్‌గిద్ద తిరిగి, ప్రతి గడపలో "కౌలెంత?" అని అడుగుతున్నాను. నాగల్‌గిద్దలో ఒకామె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వు మొగులప్ప బిడ్డవే గదా? సదువుకుంటే గివన్ని మర్చిపోతరా?" అంది.

ఇప్పుడు కాగితాలన్నిటిలో కౌలు భాగం ఖాళీ. సోమవారం మేడమ్ చూస్తానంది. ఆమె రాసిందే తప్పని ఆమె ముఖం మీద ఎలా అనేది? కోపమొచ్చి "ఇంకెవరినైనా చూసుకో" అంటే నా బతుకేం కాను? జ్వరమని చెప్పి ఎగ్గొడదామనుకుంటున్నాను. నువ్వు మీ సార్‌తో ఒప్పుకోని మాట ఎలా చెబుతావు? ఉన్నదున్నట్టు రాయి.

మల్లి

*

హైదరాబాద్,
డిసెంబరు

మల్లీ,

ఈ ఉత్తరం అన్న చేతికి ఇవ్వడం లేదు. పోస్టులో వేస్తున్నాను. చదివి మీ ఇంట్లో, మా ఇంట్లో ఎవరికీ చెప్పకు.

ఎలా చెబుతావని అడిగావు. చెప్పను. నేను అంబదాస్ సార్‌ని రంజాన్ ముందు కలిశాను. మళ్లీ కలవలేదు.

నీకు ఇచ్చిన సలహాలన్నీ సార్ మొదటి రోజు నాకు చెప్పినవే. నేను వాటిని నీకు పంపిస్తూ, లైబ్రరీ వెనక తలుపు దగ్గర కూర్చుని ఆయన వస్తే ఎటు పారిపోవాలో చూసుకుంటున్నాను. నా కంటే గొప్ప సలహాదారు ఈ యూనివర్సిటీలో లేదు. పాటించేవాళ్లు ఉండాలి, అంతే.

ఎలా మొదలైందంటే, రెండో అధ్యాయం రాసి ఇచ్చాను. వారం చూశాను, నెల చూశాను. సార్ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఎంత చెత్తగా ఉందో అనుకున్నాను. మూడోది రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఒకసారి వరండాలో కనబడి "మూడోది ఎంతవరకు వచ్చింది?" అన్నారు. "వచ్చే వారం సార్" అన్నాను. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు. ముందు సిగ్గు, తర్వాత భయం, ఇప్పుడు అలవాటు. ఆయన గది ముందు నుంచి పోకుండా వెనక మెట్లెక్కుతున్నాను. ఒకరోజు ఆ మెట్ల మీదే ఎదురొచ్చారు. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. అదృష్టం బాగుండి సార్‌కు కూడా ఏదో గుర్తొచ్చినట్టుంది, ఆయనా వెనక్కి తిరిగి పైకి పోయారు.

బక్రీద్‌కి రాలేదంటే అందుకే. అమ్మీ "ఎంతవరకొచ్చిందమ్మా?" అంటే ఏం చెప్పను? మీరంతా వచ్చిన రోజు మీటింగ్ లేదు ఏమీ లేదు, గది తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను.

జనవరి ఆఖరులోగా నా రిజిస్ట్రేషన్ పొడిగించాలి. దానికి సార్ సంతకం కావాలి. లేకపోతే ఇన్నేళ్లూ పోయినట్టే. పోయి అడగడానికి నాకు కాళ్లు రావడం లేదు మల్లీ. చాలా భయంగా ఉంది.

నువ్వు మాత్రం సోమవారం పో. జ్వరమని చెప్పకు. జ్వరంతోనే నేనూ మొదలుపెట్టాను.

రిజ్జు

*

నారాయణఖేడ్,
జనవరి

రిజ్జూ,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే తిట్టాను. ఆ రోజు హాస్టల్ దాకా వస్తే తలుపు బద్దలు కొట్టేదాన్ని కదే. తర్వాత ఏడ్చాను. తర్వాత మేడమ్ దగ్గరికి పోయాను, జ్వరం లేకుండానే.

ఖాళీ కాగితాలు ముందు పెట్టి, "మేడమ్, మా దగ్గర కౌలు లేదు. మీ పేపర్‌లో ఉన్నది మా మండలాలకు సరిపోదు" అని ఒక్క గుక్కలో అనేసి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె కాగితాలన్నీ తిప్పి చూసింది. "ఇది నీకెప్పటి నుంచి తెలుసు?" అంది. "పుట్టినప్పటి నుంచి మేడమ్" అన్నాను.

అప్పుడొచ్చింది కోపం. అలా ఇలా కాదు. పక్క గది వాళ్లు తొంగిచూశారు. తన పేపర్ తప్పన్నందుకు కాదు రిజ్జూ, ఇన్నాళ్లు సరే మేడమ్, సరే మేడమ్ అన్నందుకు. "నీకు తెలిసింది నాకు చెప్పకపోతే నేను నీకు గైడ్‌ని ఎట్లా అవుతాను? నాకు తలూపేవాళ్లు అక్కర్లేదు" అంది. కొంచెం చల్లారాక, "కౌలు ప్రశ్నలు తీసెయ్. మీ బాపు చేను ఎవరు చూశారు, అక్కడి నుంచి మొదలుపెట్టు" అంది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇక నీ సంగతి. మామకు నీ పేరు చెప్పలేదు. "ఒక స్నేహితురాలికి గైడ్‌తో చెడింది" అన్నాను. "చెడలే బిడ్డా, మాట ఆగిపోయింది, గంతే. నల్గురం పోదాం" అని చెప్పులేసుకున్నాడు. ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మామ రాడు. నేనొస్తున్నాను, ఈ శుక్రవారం. మీ సార్ గది బయట బెంచీ ఉందా? లేకపోతే కింద కూర్చుంటాను. లోపలికి రాను. ఒక్క మాట మాట్లాడను. నేను మాట్లాడితే నువ్వు నోరు మూసుకుంటావు, ఆ విద్యలో నేను పండితురాలిని. రొట్టెల మూట పట్టుకుని ఊరికే కూర్చుంటాను. నువ్వు తలుపు కొట్టాలి. మధ్యలో వెనక మెట్ల వైపు పోయావా, కాళ్లు విరగ్గొడతాను.

మల్లి

*

హైదరాబాద్, మూడో అంతస్తు, ముందు మెట్ల దగ్గర,
జనవరి

మల్లీ,

నేను గదిలో నుంచి బయటికొచ్చేసరికి నీ బస్సు టైమైందని పరుగెత్తావు. "అయిందా?" అన్నావు, "అయింది" అన్నాను. లోపల ఏం జరిగిందో చెప్పలేదు. ఫోన్‌లో చెబుదామంటే మీ బాపు వింటాడు.

తలుపు కొట్టే ముందు వెనక మెట్ల వైపు చూశాను. నిజం చెబుతున్నాను. నువ్వు మూట ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నావు. ఆ చూపుకు భయపడి కొట్టాను.

సార్ నన్ను చూసి లేచి నిలబడ్డారు. గైడ్ స్కాలర్‌ని చూసి లేవడం నేను ఎక్కడా వినలేదు. నేను "సార్, మూడో అధ్యాయం రాయలేదు" అన్నాను. అదే క్షణంలో ఆయన "రిజ్వానా, నీ రెండో అధ్యాయం..." అని ఆగిపోయారు. నువ్వు చెప్పు అంటే మీరు చెప్పండి అనుకున్నాం. చివరికి ఆయనే చెప్పారు.

చదవలేదట మల్లీ. ఇచ్చిన నెలలో ఏవో పనులు, తర్వాతి నెలలో మరేవో, ఆ తర్వాత ఇంత ఆలస్యంగా ఇవ్వడానికి మొహం చెల్లక అలాగే అలమరలో ఉంచారట. వరండాలో మూడోది ఎంతవరకొచ్చిందని అడిగింది, నేను రెండోదాని గురించి అడుగుతానేమోనన్న భయంతోనట. "ఆ రోజు మెట్ల మీద నువ్వు నన్ను చూశావేమోననుకున్నాను" అన్నారు. "మీరు నన్ను చూశారేమోననుకున్నాను సార్" అన్నాను.

నా రాత చెత్త అని ఆయన అనుకున్నారనుకుని ఒక ఏడంతా ఏడ్చాను. ఆయన అసలు చూడనే లేదు! నవ్వాలో కొట్టాలో తెలియలేదు. నవ్వాను. ఆయనా నవ్వారు, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. "నేను చెప్పే సలహా నేనే పాటించలేదు" అన్నారు. ఆ ముక్క నేనూ చెప్పుకోవాల్సిందే కాబట్టి తలొంచుకున్నాను.

సంతకం పెట్టారు. అమ్మీకి అంతా చెప్పేశాను. తిట్టింది, తర్వాత ఏం తిన్నావని అడిగింది.

మూడో అధ్యాయం మొదటి పేజీలు సోమవారానికి నేనివ్వాలి. రెండోది ఆ రోజుకు చదివి ఉంచుతానన్నారు. నేను తలుపు దగ్గరికి వచ్చాక, "బయట మూటతో కూర్చున్నది ఎవరు?" అని అడిగారు. "మావాళ్లు సార్" అన్నాను. కిటికీలోంచి నిన్ను ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "సోమవారం కూడా వస్తుందా?" అన్నారు.

రా మల్లీ. బెంచీ మీద ఊరికే కూర్చో. ఈసారి నాకోసం కాదు, సార్ చదవాలి.

నీ రిజ్జు